మనవాళ్ళెవరూ లేని ఊరు

మొన్న మా వీధివాళ్ళ గ్రూపులో ఎవరో ఒక జాబితా పంపారు. వేసవిలో వరసగా మూడు సెలవులు కలిసొస్తే క్యాంపర్ వ్యాన్‌లో ఎక్కడెక్కడికి వెళ్ళిరావచ్చో, బండి ఎక్కడ ఆపుకోవచ్చో, ఏమేం సర్దుకోవాలో అందులో రాసి ఉంది. కింద పదిమంది బొటనవేళ్ళు పెట్టారు. ఇద్దరు "సూపర్ అండీ" అన్నారు. నాకు మాత్రం ఒళ్ళు మండింది. ఆ జాబితాలో టార్చిలైటు దగ్గర్నుంచి దోమల మందు దాకా అన్నీ ఉన్నాయి గానీ, బయల్దేరిన మనిషిని దారిలో పట్టుకుని ఇంటికి లాక్కుపోయే చుట్టాల గురించి ఒక్క ముక్క లేదు. కోనసీమవాళ్ళకి ముందు చెప్పాల్సింది అదే. ఈ సంగతి నాకు మా పక్కింటాయన వల్ల తెలిసింది. ఆయన పోయి ఏడాది దాటింది.

ఆయనకి నేను మాస్టారిని. హైస్కూల్లో లెక్కలు చెబుతాను. వాళ్ళావిడని నేను అక్కయ్యగారూ అంటాను కాబట్టి ఆయన నాకు బావగారు. అమలాపురంలో మా రెండిళ్ళకీ మధ్య ఒకటే గోడ, అదీ నడుమెత్తు. ఏం చెప్పాలన్నా ఆ గోడకి అటువైపు నిలబడి చెప్పేవారు. చెవిమీద ఎప్పుడూ వడ్రంగి పెన్సిలు ఉండేది. చాలా ఏళ్ళు కువైట్‌లో ఒక ఇంటి డ్రైవరుగా చేసి వచ్చిన మనిషి. అక్కడ బళ్ళు రోడ్డుకి కుడివైపున నడుస్తాయట. ఆ అలవాటు వదలక మా వీధి దాటేటప్పుడు కూడా ముందు ఎడంపక్కకే చూసేవారు. కుడిపక్కనుంచి వచ్చిన ఆటోవాడు తిట్టిపోతే, పోతున్న ఆటో వెనక నిలబడి "ఆయ్, నాదే తప్పండి" అనేవారు.

ఇంకో అలవాటు కూడా ఉండేది. ఏదైనా ఇబ్బందిగా అనిపిస్తే కుర్చీలో కూర్చునే కుడికాలితో నేలని నొక్కేవారు, బ్రేకు వేసినట్టు. నోరు మాత్రం "ఆయ్, అలాగేనండి" అనేది. ఆయన మనసులో ఏముందో తెలియాలంటే ఆ కాలు చూడాలి. మేమందరం మొహం చూసేవాళ్ళం. మొహం ఎప్పుడూ నవ్వుతూనే ఉండేది.

రావులపాలెంలో లారీలకి బాడీ కట్టే షెడ్డుకి వెళ్ళి, పాత స్కూలు వ్యాన్ ఒకటి కొని, దాన్ని ఇల్లులా చేయిస్తున్నారని తెలిసినప్పుడు వీధంతా నవ్వింది. నేనూ నవ్వాను. రెండు నెలలు రోజూ బస్సెక్కి వెళ్ళి పక్కన నిలబడి చేయించారు. సీట్లు పీకించి వెనక ఒక మడత మంచం పెట్టించారు. దానిమీద కొబ్బరిపీచు పరుపు. ఒక మూల చిన్న గ్యాస్ పొయ్యి, పైన నీళ్ళ ట్యాంకు, కిటికీలకి దోమతెర. అక్కయ్యగారు తన పాత నేత చీరలు చింపి తెరలు కుట్టారు. ఆవిడ తాలూకా ఆఫీసులో గుమాస్తా, పెద్దగా మాట్లాడే మనిషి కాదు. కానీ ఆ రోజుల్లో సాయంత్రం ఆఫీసునుంచి రాగానే ఇంట్లోకి కాకుండా ముందు వ్యాన్ దగ్గరికి వెళ్ళి లోపలికి తొంగి చూసేవారు. హేండ్‌బ్యాగు ఇంకా భుజానే ఉండేది.

నాకు చూపించడానికి పిలిచి ఒక్కో తలుపూ తీసి చూపించారు బావగారు. చిన్న అలమరలో రెండు ప్లేట్లు, రెండు గ్లాసులు, రెండు చెంచాలు ఉన్నాయి.

"రెండే ఉన్నాయేంటండీ?" అన్నాను.

"మూడోది పెడితే మూడో మనిషి వస్తాడండి."

అప్పుడే కువైట్ సంగతి చెప్పారు. ఆయన పనిచేసిన ఇంటివాళ్ళు చలికాలం సెలవులు రాగానే ఎడారిలోకి పోయి గుడారం వేసుకునేవారట.

"చుట్టూ ఎవరూ ఉండరండి. పిల్లలు ఇసకలో ఆడుకునేవారు. మొగుడూ పెళ్ళాం ఎదురెదురుగా కూచుని టీ తాగేవారు. పెద్ద మాటలేం ఉండేవి కాదండి, ఊరికే కూచునేవారు. నేను దూరంగా బండి దగ్గరుండి చూసేవాణ్ణి. మా ఆవిడా నేనూ ఎప్పుడైనా అలా కూచున్నామా అని ఆలోచించేనండి. ఒక్కసారి కూడా లేదు. రెండేళ్ళకోసారి సెలవు మీద వచ్చేవాణ్ణా, నన్ను చూడ్డానికి వచ్చినవాళ్ళతో ఇల్లు నిండిపోయేది. ఆవిడ వంటింట్లో, నేను వీధిలో. సెలవైపోయేది."

ఇంత చిన్న కోరికకి ఇంత పెద్ద బండి ఎందుకని నేను మనసులో అనుకున్నాను. అనుకున్నందుకు ఇప్పుడు నామీద నాకే చిరాకు.

కొత్త క్యాలెండరు రాగానే ఆయన చెవిమీది పెన్సిలు తీసేవారు. రెండో శనివారం, ఆదివారం, దాని పక్కన ఇంకో ఎర్ర అంకె ఎక్కడ పడిందో వెతికి మూడింటికీ కలిపి ఒక గీత గీసేవారు. అక్కయ్యగారికి ఆఫీసులో సెలవు దొరకడం కష్టం, అందుకని ఆ మూడు రోజుల గీతలే ఆయనకి దిక్కు. గీత గీశాక గోడ దగ్గరికొచ్చి, గొంతు తగ్గించి "మూడు కలిసేయి మాస్టారూ" అనేవారు.

మొదటిసారి అంతర్వేదికి బయల్దేరారు. సముద్రం పక్కన బండి ఆపుకుని, చేపల పులుసు వండుకుని, పొద్దున్నే లేచి సూర్యుణ్ణి చూసి రావాలని. రాజోలు సెంటర్లో టీ కోసం ఆగడం ఆయన చేసిన పొరపాటు. అక్కయ్యగారి పిన్నిగారిది ఆ ఊరే. ఆవిడ కొడుకు చూశాడు. "ఊళ్ళోకొచ్చి మా గుమ్మం తొక్కకుండా పోతారాండీ?" అన్నాడు. అంతే. మూడు రోజులూ పిన్నిగారింట్లో గడిచాయి. వ్యాన్ కొబ్బరిచెట్ల కింద నిలబడింది. పిల్లలు దాని మంచం మీద గెంతుతూ ఆడుకున్నారు.

"సముద్రం చూశారా?" అని అడిగాను తిరిగొచ్చాక.

"పిన్నిగారు పులస చేప దొరకలేదని బాధపడి మూడు కోళ్ళు కోయించేరండి," అన్నారు. నేను అడిగిందానికి అది జవాబు కాదని మా ఇద్దరికీ తెలుసు.

రెండోసారి మారేడుమిల్లి అడవుల్లోకి. ఈసారి ఎక్కడా ఆగకూడదనుకున్నారు. రావులపాలెంలో అరటి మార్కెట్ దగ్గర లారీలు అడ్డంపడి బండి ఆగింది. గెలలు దింపించుకుంటున్న ఒక వ్యాపారి తలెత్తి చూశాడు. కువైట్‌లో ఆయనతో ఒకే గదిలో ఉండి వచ్చినవాడు. భోజనం చేసి వెళ్ళమన్నాడు. భోజనం అయ్యాక వాళ్ళ అత్తగారి ఊరు చూడమన్నాడు. సోమవారం వెనక్కి వచ్చినప్పుడు వ్యాన్‌లో మంచం మీద నాలుగు అరటి గెలలు పడుకుని ఉన్నాయి. ఆ గెలలు వీధంతా పంచారు. మా వాటాకి రెండు అత్తాల పళ్ళు వచ్చాయి.

మూడోసారి శనివారం అక్కయ్యగారికి ఆఫీసులో పని పడితే, ఆదివారం తెల్లారగట్ల బయల్దేరి ద్రాక్షారామం అవతల, ఎవరూ తెలియని ఒక పల్లె దగ్గర కాలవగట్టు చూసుకున్నారు. బండి ఆపారు, పొయ్యి కూడా వెలిగించారట. కానీ అది ఆదివారం. ఆదివారం ఆరాధన మానే మనుషులు కాదు. తెల్లబట్టలు కట్టుకుని ఆ ఊరి చర్చికి వెళ్ళి వెనక వరసలో కూర్చున్నారు. ఆఖర్న పాస్టరుగారు కొత్తగా వచ్చినవాళ్ళు నిలబడి తమ గురించి చెప్పుకోమన్నారు. చెప్పుకున్నారు. ఎదర వరసలో కూర్చున్న ఒకాయన అక్కయ్యగారి ఆఫీసులో పనిచేసే ఆవిడకి అన్నగారు. కాలవగట్టున వంట చేసుకుంటున్నారని తెలిసి ఆయనకి కళ్ళనీళ్ళొచ్చినంత పనైందట. "మేం లేమాండీ ఊళ్ళో, గట్టుమీద ఎసరు పెట్టుకునే ఖర్మ మీకేంటండీ?" అని వ్యాన్‌లోంచి సామాన్లు తనే ఇంట్లోకి మోసుకుపోయాడు.

నాకు బావగారి మీద కూడా కోపం వచ్చేది. ఒకసారి గోడ దగ్గర అడిగేశాను. "వద్దండీ, మేం వెళ్ళాలి అని చెప్పేయొచ్చు కదండీ? నోరు లేదా మీకు?"

"చెప్పేనండి. మనవైపు వద్దంటే ఇంకో రెండు గరిటెలు వేస్తారు కదండీ. మొహమాటం అనుకుంటారు. గట్టిగా వద్దంటే ఇంకా మొహమాటం అనుకుంటారు."

చెవిమీది పెన్సిలు తీసి గోడమీద గీత గీస్తూ మళ్ళీ అన్నారు. "తిండికేం లోటు చెయ్యరండి. మర్యాదకి వంకపెట్టలేం. కానీ ఇంట్లో అడుగెట్టగానే ఆవిణ్ణి ఆడవాళ్ళు లోపలికి తీసుకుపోతారు. నన్ను అరుగుమీద కూచోబెడతారు. మళ్ళీ బండెక్కేటప్పుడే కలుస్తాం."

ఆయన నవ్వుతూనే చెప్పారు. కాలు చూడాలని అప్పటికి నాకు ఇంకా తెలీదు.

ఆ తరవాత బస్టాండులో రోడ్డు మ్యాపు ఒకటి కొన్నారు. దాన్ని మా అరుగుమీద పరిచి, నాలుగు మూలలా నాలుగు ఇటుకముక్కలు పెట్టి, పెన్సిలుతో ఒక్కో ఊరూ కొట్టేశారు. అప్పనపల్లిలో చిన్నప్పుడు కలిసి చదువుకున్నవాడు. కొత్తపేటలో ఆవిడ మేనమామగారు. కాకినాడలో ఇద్దరు. రాజమండ్రిలో ఎంతమందో ఆయనకే లెక్క తెలీదు. ఒక గంట కొట్టేశాక చూస్తే మ్యాపు మీద రోడ్లు తప్ప ఊళ్ళు కనపడలేదు.

"మ్యాపంతా చుట్టాలే మాస్టారూ," అన్నారు.

చివరికి ఒక చోటు మిగిలింది. తుని దాటాక కుడివైపుకి తిరిగితే ఒక సముద్రపు ఒడ్డు, సరుగుడు తోటలు. "అక్కడ మనవాళ్ళెవరూ లేరండి," అన్నప్పుడు ఆయన మొహంలో వెలుగు చూడాలి. ఆ మే నెలలో మూడు సెలవులు కలిశాయి. అక్కయ్యగారు ఇద్దరికి సరిపడా బియ్యం, చింతపండు, మామిడల్లం పచ్చడి సీసా సర్దారు. తెల్లవారకముందే వెళ్ళిపోతామన్నారు. ముందురోజు సాయంత్రం ఆయన గోడ దగ్గరికొచ్చి నాకొక్కడికే దారి చెప్పారు.

"ఎవరడిగినా తెలీదనండి మాస్టారూ. అంతే చాలు. ఇంకేం చెయ్యక్కర్లేదు."

"అలాగేనండి, అదెంత పని," అన్నాను.

మర్నాడు పొద్దున్న ఏడింటికే కొత్తపేటనుంచి అక్కయ్యగారి మేనమామగారు బస్సు దిగి వచ్చారు. చేతిలో మామిడిపళ్ళ బుట్ట. పెద్దాయన. ఉక్కకి చొక్కా ఒంటికి అంటుకుపోయింది. పక్కింటికి తాళం చూసి మా అరుగుమీద కూర్చున్నారు. నేను మంచినీళ్ళిచ్చాను. మా ఆవిడ కాఫీ ఇచ్చింది.

"ఎక్కడికెళ్ళేరండీ వీళ్ళు?"

ఇక్కడ నేను చేసిందానికి సాకులు చెప్పదలుచుకోలేదు. తెలీదు అన్న ముక్క నాలుక చివరిదాకా వచ్చింది. పక్కింట్లో ఉండి, ఒకటే గోడ ఉండి, తెలీదంటే ఆయన నన్ను ఎలాంటి మనిషిననుకుంటాడు? ఇరుగూ పొరుగూ పట్టనివాడని అనుకోడూ? అదొక్కటే కాదు. ఊరంతటిలో నాకొక్కడికే చెప్పారన్న గర్వం కూడా లోపల కదిలింది. దాన్ని దాచుకోవడం చేతకాలేదు.

"తునివైపు వెళ్ళారండి. తెల్లారగట్ల బయల్దేరారు," అన్నాను.

"తునా? మా వియ్యంకుడు బదిలీ మీద ఈ మధ్యే తుని వచ్చేడు కదండీ. పాపం వీళ్ళకి తెలీదేమో," అని పెద్దాయన జేబులోంచి ఫోను తీశారు. వద్దండీ అని చెయ్యి చాపాను. ఆయన దాన్ని మొహమాటం అనుకున్నారు.

తరవాత జరిగింది బావగారే చెప్పారు. తునిలో పెద్ద రోడ్డు మీద ఆ వియ్యంకుడు, ఆయన కొడుకు ఎండలో గంటసేపు నిలబడ్డారట. పసుపుపచ్చ స్కూలు వ్యాన్ ఎంత దూరంనుంచైనా కనిపిస్తుంది. రెండు చేతులూ జోడించి రోడ్డుకి అడ్డంగా వచ్చేశాడట పెద్దమనిషి. "దణ్ణం పెట్టి అడ్డంగా నిలబడ్డ మనిషిని దాటుకుని ఎలా పోతామండీ?" అన్నారు బావగారు. చిన్న ఇల్లట. మంచాలు రెండూ ఆడవాళ్ళకిచ్చి ఆయనకి హాల్లో చాప వేశారు. మూడు రోజులు. వచ్చేటప్పుడు ఇద్దరికీ బట్టలు పెట్టారు.

"బాగా మర్యాద చేసేరండి," అన్నారు. గొంతులో ఎక్కడా నిష్ఠూరం లేదు. మా వరండాలో కుర్చీలో కూర్చుని ఉన్నారు. అప్పుడు చూశాను ఆ కాలు. బొటనవేలు తెల్లబడేలా గచ్చుని నొక్కుతోంది.

లేచి వెళ్ళబోతూ గుమ్మం దగ్గర ఆగారు. "ఒక్క మాటండి మాస్టారూ. కోపం తెచ్చుకోకండి. తెలీదు అనడానికి మీకేం అడ్డొచ్చిందండి?"

ఆయన నిజంగా తెలుసుకోవాలనే అడిగారు. నన్ను తిట్టినా బాగుండేది. జవాబు కోసం కాసేపు మర్యాదగా ఆగి, వెళ్ళిపోయారు.

తరవాత దసరా వచ్చింది, క్రిస్మస్ వచ్చింది. పెన్సిలు చెవిమీదే ఉంది. మార్చిలో ఒకరోజు గోడ దగ్గరికి వచ్చారు. "మే నెలలో మళ్ళీ మూడు కలిసేయండి," అన్నారు. "ఈసారి మీకు కూడా చెప్పనండి." అని నవ్వారు. నేనూ నవ్వాను. ఏప్రిల్‌లో ఒక మధ్యాహ్నం భోంచేసి కుర్చీలో కూర్చున్న మనిషి అలాగే పోయారు. గుండె అన్నారు.

జ్ఞాపకార్థ కూడికకి అందరూ వచ్చారు. రాజోలు పిన్నిగారు, ఆవిడ కొడుకు, రావులపాలెం అరటి వ్యాపారి, కొత్తపేట మేనమామగారు, తుని వియ్యంకుడు, ద్రాక్షారామం అవతలి పల్లెనుంచి ఆ అన్నగారు కూడా. పాటలయ్యాయి, ప్రార్థనయింది, ఒక్కొక్కరూ లేచి ఆయన ఎంత మంచి మనిషో చెప్పారు. ఎవరు రమ్మన్నా కాదనకుండా వచ్చేవారని ముగ్గురు చెప్పారు. వాళ్ళు ఏడుస్తూనే చెప్పారు, ఆ ఏడుపు నిజమైనదే. అందుకే నాకు ఎవరిమీద కోపగించుకోవాలో తెలియక ఒళ్ళంతా ఉడికిపోయింది.

భోజనాలయ్యాయి. ఎండ మండిపోతోంది, కరెంటు పోయింది. ఇల్లు పట్టనంత జనం. నడుం వాల్చడానికి తలో మూల చూసుకుంటున్నారు. నేను పెరటివైపు వెళ్ళాను. వ్యాన్ వెనక తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి. తెరలు పక్కకి లాగి ఉన్నాయి. మంచం మీద తుని వియ్యంకుడు వెల్లకిలా పడుకుని గురక పెడుతున్నాడు. పక్కనే ఇరుక్కుని రాజోలు పిన్నిగారి కొడుకు. కింద చాపమీద అరటి వ్యాపారి.

లేపి దింపేద్దామని విసురుగా ముందుకెళ్ళాను.

"లేపకండి మాస్టారూ." జామచెట్టు నీడన ప్లాస్టిక్ కుర్చీలో అక్కయ్యగారు కూర్చుని ఉన్నారు. నేను చూడలేదు. "దూరాన్నించి వచ్చేరు. ఆయనుంటే ఆయనే పరుపు దులిపి వేసేవారు."

అది నిజం కావడం వల్ల నాకు ఇంకా మండింది. "మీరైనా పడుకున్నారాండీ ఇందులో, ఒక్కసారైనా?" అన్నాను. గొంతు కొంచెం లేచింది.

"లేదండి. ఇంటి దగ్గరుండగా ఎందుకు, మొదటిసారి ఎక్కడికైనా వెళ్ళేకే పడుకుందాం అనేవారండి. అందుకని ఆగేం."

ఆవిడ కొంగుతో విసురుకుంటూ వ్యాన్‌వైపే చూస్తున్నారు. లోపల మా అమ్మాయి టీ పెట్టి పళ్ళెంలో గ్లాసులు తెచ్చింది. ఆ చప్పుడుకి వియ్యంకుడు లేచి కూర్చున్నాడు. ఒళ్ళు విరుచుకుని, పరుపుని అరచేత్తో రెండుసార్లు తట్టి చూశాడు.

"ఏం నిద్రపట్టిందండీ. గాలి ఆ కిటికీలోంచి ఈ కిటికీలోకి పోతోంది. ఇంత మంచి పక్క ఉంచుకుని, ఆయన మా ఇంట్లో కటిక నేలమీద చాపేసుకుని పడుకున్నారేంటండీ?"

అక్కయ్యగారు లేచి, పళ్ళెంలోంచి ఒక గ్లాసు తీసి ఆయన చేతికి అందించారు.

"మీరు రమ్మన్నారు కదండీ అన్నయ్యగారూ," అన్నారు.

"ఆయ్, మరి పిలవకుండా ఎలా ఉంటామండీ," అని ఆయన సంతోషంగా టీ గ్లాసు అందుకున్నాడు.